లేని ఊరిని రాజధాని చేసిన లాయరు

తెలుగు సాహిత్యం చదివేవాళ్లకు మాడిసన్ కొత్త పేరేమీ కాదు. వెల్చేరు నారాయణరావు గారు అక్కడి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు తెలుగు బోధించారు. ఆ మాడిసన్ ఇవాళ విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని. 1836 చివర్లో శాసనసభ దాన్ని రాజధానిగా ఎంచుకున్న నాటికి అక్కడ ఊరనేదే లేదు. రెండు పెద్ద సరస్సుల మధ్య సన్నటి నేల, దాని మీద అడవి, అక్కడక్కడా చిత్తడి. ఊరి రూపంలో ఉన్నదల్లా కాగితం మీద గీసిన లేఅవుట్ ఒక్కటే. ఆ భూమి కొన్నవాడూ, లేఅవుట్ వేయించినవాడూ, దాన్ని చంకన పెట్టుకుని శాసనసభ్యుల చుట్టూ తిరిగినవాడూ ఒకే మనిషి. పేరు జేమ్స్ డుయేన్ డోటీ. వృత్తి వకాలతు. అంతకుముందు తొమ్మిదేళ్లు అదే ప్రాంతానికి జడ్జి. ఆ తర్వాత అదే ప్రాంతం తరఫున వాషింగ్టన్‌లో ప్రతినిధి, ఆపైన గవర్నరు.

డోటీ గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఏదో ఒక పక్షం తీసుకుంటారు. కొందరికి అతడు ముందుచూపున్న నగర నిర్మాత. మరికొందరికి ప్రభుత్వ పదవులను అడ్డం పెట్టుకుని స్థలాల వ్యాపారం చేసిన మాయగాడు. రెండు మాటలకూ ఆధారాలున్నాయి. అయితే రెండూ అతడి గుణాన్ని తూచేవే. అలాంటి జీవితం అసలెలా సాధ్యమైందో చెప్పవు. అప్పటి అమెరికా సరిహద్దు ప్రాంతాల్లో చట్టం, భూమి, రాజకీయం వేర్వేరు రంగాలు కావు. జడ్జిగా తిరిగి నేర్చుకున్నది భూమి కొనడానికి పనికొచ్చేది. కొన్న భూమి ఓట్లు తెచ్చేది. ఓట్లు తెచ్చిన పదవి మళ్లీ చట్టం మీద, భూమి మీద పట్టు ఇచ్చేది. డోటీ ఈ వలయంలో అందరికన్నా నేర్పరి. వలయాన్ని గీసింది మాత్రం అతడు కాదు.

టెరిటరీ అంటే ఏమిటి

1787లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ఒహాయో నదికి ఉత్తరాన, మిసిసిపీకి తూర్పున ఉన్న నేలను ఎలా పాలించాలి, ఎప్పుడు రాష్ట్రాలుగా చేయాలి అన్నది అందులో ఉంది. ఇంకా రాష్ట్రం కాని ఇలాంటి సీమనే టెరిటరీ అంటారు. దాని ప్రకారం మొదటి దశలో ప్రజలకు ఓటుతో పని లేదు. గవర్నరు, కార్యదర్శి, ముగ్గురు జడ్జీలు, అందరూ పైనుంచి నియమితులే. పాత రాష్ట్రాల చట్టాల్లోంచి తమకు పనికొచ్చేవి ఏరుకుని గవర్నరూ జడ్జీలే అమలు చేసేవారు. అంటే చట్టం తెచ్చేవాడూ, ఆ చట్టం కింద తీర్పు చెప్పేవాడూ ఒకే గదిలో కూర్చునేవారు. వయోజనులైన స్వతంత్ర పురుషులు 5,000 మంది అయ్యాక ఎన్నికైన సభ వచ్చేది. అయినా గవర్నరు వద్దంటే ఏ బిల్లూ చట్టం కాదు. ఆ నిరాకరణను తోసిపుచ్చే దారి సభకు లేదు. వాషింగ్టన్‌కు ఒక డెలిగేట్‌ను పంపొచ్చు. అతడు కాంగ్రెస్‌లో మాట్లాడొచ్చు గానీ ఓటు వేయకూడదు. జనాభా 60,000 దాటాకే రాష్ట్ర హోదా. తర్వాత ఏర్పడ్డ టెరిటరీలు ఈ మెట్లన్నీ వరసగా ఎక్కలేదు, మొదటి దశను దాటేసి మొదలైనవీ ఉన్నాయి. కానీ గవర్నరు, జడ్జీలు అధ్యక్షుడి నియామకాలన్న మూలసూత్రం అంతటా నిలిచింది. వాళ్ల జీతాలు కూడా వాషింగ్టన్ నుంచే.

అందువల్ల టెరిటరీలో పైకి రావాలనుకున్నవాడికి స్థానికుల అభిమానం ఎంత అవసరమో, వాషింగ్టన్‌లో పరిచయాలు అంతకన్నా ఎక్కువ అవసరం. అధ్యక్షుడు మారితే ఉద్యోగం పోవచ్చు. ఈ పరిస్థితికి అందరికన్నా బాగా సరిపోయినవాడు లాయరు. అర్జీ రాయగలడు, చట్టం చదవగలడు, పైవాళ్లతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడపగలడు.

ఇక భూమి. అక్కడి ఆదివాసీ తెగలతో ఒడంబడిక చేసుకుని నేలను ప్రభుత్వం తీసుకునేది. తర్వాత సర్వేయర్లు ఆరు మైళ్ల చదరాలుగా, ఒక్కో చదరాన్ని 640 ఎకరాల 36 ముక్కలుగా కొలిచేవారు. తర్వాత ల్యాండ్ ఆఫీసులో వేలం. వేలంలో మిగిలిపోయినదాన్ని ఎవరైనా ఎకరం 1.25 డాలర్లకు కొనుక్కోవచ్చు. ధర అందరికీ ఒకటే కాబట్టి పోటీ ధర దగ్గర కాదు, ఎరుక దగ్గర. ఏ వాగు పక్క మిల్లు పెట్టొచ్చు, ఏ రేవులో పడవ ఆగుతుంది, రేపు రోడ్డు ఎటు పడుతుంది అన్నది ముందే తెలిసినవాడు అదే డాలరుంపావుకు పదిరెట్లు విలువైన ఎకరం కొంటాడు.

పడవలో కోర్టు

డోటీ 1799 నవంబరు 5న న్యూయార్క్ రాష్ట్రంలోని సేలంలో పుట్టాడు. 1818లో డెట్రాయిట్ చేరాడు. అప్పటికి ఆ ఊళ్లో పదిహేను వందలమంది కూడా లేరు. అక్కడే లాయరై, ఇరవై ఏళ్లు నిండీ నిండకుండానే టెరిటరీ సుప్రీంకోర్టుకు క్లర్కు అయ్యాడు. మిషిగన్ టెరిటరీ గవర్నరు లూయిస్ కాస్ కంట్లో పడ్డాడు. 1820లో కాస్ మిసిసిపీ పుట్టినచోటు వెతుకుతూ పడవల్లో పెద్ద యాత్ర చేసినప్పుడు, దినచర్య రాసే పని డోటీకి అప్పగించాడు. ఎన్నో వేల మైళ్ల సరస్సులు, నదులు, తెగల గ్రామాలు, వ్యాపార స్థావరాలు. ఇరవై ఏళ్ల కుర్రాడు వాటన్నిటినీ కళ్లారా చూసి రాసుకున్నాడు, అదీ ప్రభుత్వ ఖర్చుతో.

అప్పటి మిషిగన్ టెరిటరీ మిసిసిపీ దాకా పరుచుకుని ఉండేది. డెట్రాయిట్ జడ్జీలు మిషిగన్ సరస్సు అవతలికి వెళ్లి విచారణ చేసే పరిస్థితి లేదు. అందుకని 1823 జనవరిలో కాంగ్రెస్ పశ్చిమాన ఉన్న మూడు కౌంటీలకు అదనంగా ఒక జడ్జి పదవి సృష్టించింది. అధ్యక్షుడు మన్రో దానికి డోటీని నియమించాడు. వయసు ఇరవై మూడు. ఆ వసంతంలోనే సారా కాలిన్స్‌ను పెళ్లి చేసుకుని పశ్చిమానికి బయల్దేరాడు. మాకినా, గ్రీన్ బే, ప్రెయిరీ డు షీన్, ఈ మూడుచోట్లా ఏటా కోర్టు పెట్టాలి. వాటి మధ్య దారి అంటే నీళ్లదారే. ఫాక్స్ నది మీద పడవలో వెళ్లి, కాస్త దూరం పడవను మోసుకుని, విస్కాన్సిన్ నదిలో దించి మళ్లీ ప్రయాణం.

ఆ ఊళ్లలో ఉన్నది బొచ్చుతోళ్ల వ్యాపారంతో బతికే ఫ్రెంచి, మిశ్రమ కుటుంబాలు. మగవాళ్లలో చాలామంది మెనోమినీ, హో-చంక్, ఒజిబ్వే స్త్రీలతో తెగ ఆచారం ప్రకారం పెళ్లాడి, పిల్లాపాపలతో ఏళ్ల తరబడి కాపురం చేస్తున్నవాళ్లు. 1824లో గ్రీన్ బేలో డోటీ మొదటి కోర్టు పెట్టినప్పుడు గ్రాండ్ జ్యూరీ, అంటే ఎవరి మీద కేసు నడపాలో తేల్చే పౌరుల బృందం, ముప్పైమందికి పైగా మగవాళ్ల మీద అభియోగాలు మోపింది. నేరం: చట్టబద్ధమైన పెళ్లి లేకుండా కాపురం చేయడం. వాళ్లంతా ఊరి పెద్దలే. చట్ట ప్రకారం పెళ్లి చేసుకుని కాగితం తెచ్చినవాళ్లకు జరిమానా తప్పింది. చాలామంది అలాగే చేశారు. మా పెళ్లి ఎప్పుడో అయింది, ఆ ఆడమనిషి నా భార్యే, మళ్లీ పెళ్లేమిటి అని ఎదురు తిరిగినవాళ్లూ ఉన్నారు.

దీన్ని నీతి బోధగా మాత్రమే చూస్తే అసలు విషయం జారిపోతుంది. కోర్టు వచ్చిందని, ఇకపై ఏది పెళ్లో, ఎవరు వారసులో, ఏది ఆస్తో తేల్చేది తెగ పెద్దలూ ఊరి ఆచారమూ కాదని చాటిన మొదటి సంఘటన అది. పెళ్లికి కాగితం కావాలన్నవాళ్లు రేపు నేలకూ కాగితం కావాలంటారు. తరాలుగా అక్కడ బతుకుతున్న కుటుంబాలు ఒక్క విచారణతో కొత్త చట్టం ముందు దోషులుగా నిలబడ్డాయి. ఆ అవమానాన్ని నేను చిన్నదిగా చూడలేను.

1830లో అదే జడ్జి ముందుకు మరో కేసు వచ్చింది. మెనోమినీ తెగ నాయకుడు ఓష్కోష్ మీద హత్యాభియోగం. మెనోమినీ వేటగాడొకడు పానీ అనే మరో తెగకు చెందిన ఒక బానిస చేతిలో పొరపాటున చనిపోయాడు. తెగ ధర్మం ప్రకారం ప్రాణానికి ప్రాణం. ఓష్కోష్ ఆ బానిసను చంపాడు. చంపాడన్నది జ్యూరీ తేల్చింది. నేరమా కాదా అన్న చట్టం ప్రశ్నను డోటీకి వదిలింది. తెగకు తన సొంత న్యాయం ఉంది, టెరిటరీ శాసనాలు ఆ వ్యవహారానికి వర్తించవని తేల్చి డోటీ ఓష్కోష్‌ను విడుదల చేశాడు.

గ్రీన్ బే కాపురాల్లోకి చొరబడిన చట్టం మెనోమినీ గుడారం ముందు ఎందుకు ఆగింది? పైకి విడ్డూరంగా కనిపిస్తుంది, కానీ లెక్క ఒక్కటే. ఊళ్లో వ్యాపారులు టెరిటరీ నివాసులు. మెనోమినీలు అమెరికాతో ఒడంబడికలు చేసుకునే వేరే జాతి. చట్టం గీత ఒడంబడిక గీత దగ్గర ఆగింది. అయితే ఆ గీత కదులుతూ ఉండేది. ఒక్కో ఒడంబడికతో తెగ నేల తగ్గేది, తగ్గినంత మేరా టెరిటరీ చట్టం, దాని వెంట సర్వేయరు గొలుసు ముందుకు నడిచేవి. ఓష్కోష్ తీర్పు డోటీ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది. కానీ అది తెగల హక్కుకు కట్టిన కోట కాదు. అప్పటికి గీత ఎక్కడుందో చెప్పిన తీర్పు.

గీత ఎలా కదిలేదో చూపే కేసు కూడా డోటీ ముందే నడిచింది. ఇల్లినాయ్ సరిహద్దుకు ఉత్తరాన ఉన్న సీసపు గనుల కోసం వేలమంది హో-చంక్ నేలలోకి చొరబడ్డారు. తమవాళ్లను సైన్యం చంపేసిందన్న పుకారు కూడా తోడై, 1827లో రెడ్ బర్డ్ అనే హో-చంక్ నాయకుడు తన అనుచరులతో ప్రెయిరీ డు షీన్ దగ్గర ఒక కుటుంబం మీద దాడి చేశాడు. సైన్యం కదిలింది. తెగ మొత్తం మీదికి యుద్ధం రాకుండా రెడ్ బర్డ్ తనంతట తానే లొంగిపోయాడు. విచారణ మొదలయ్యేలోపే 1828లో జైల్లో చనిపోయాడు. అతడి సహచరులిద్దరిని డోటీ విచారించి ఉరిశిక్ష వేశాడు. అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ క్షమాభిక్ష పెట్టాడు. మరుసటేడు, 1829లో, ప్రెయిరీ డు షీన్ ఒడంబడికలో హో-చంక్‌లు సీసపు గనుల నేలను వదులుకున్నారు. చొరబాటు, దాడి, కోర్టు, క్షమాభిక్ష, భూమి బదిలీ: రెండేళ్లలో వరసగా జరిగిపోయాయి.

జడ్జి తెలుసుకున్నది, వ్యాపారి కొన్నది

1832లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ డోటీని కొనసాగించలేదు. ఆ పదవి డేవిడ్ ఇర్విన్‌కు వెళ్లింది. కానీ డోటీ చేతులు ఖాళీగా లేవు. గ్రీన్ బే నుంచి ప్రెయిరీ డు షీన్ దాకా సైన్యం వేయబోయే రోడ్డుకు దారి గుర్తించే పని సర్కారు అతడికి ఇచ్చింది. తొమ్మిదేళ్లు నీళ్లదారిన తిరిగినవాడు ఇప్పుడు నేలదారిని కొలిచాడు.

అదే ఏడు బ్లాక్ హాక్ యుద్ధం జరిగింది. సాక్, ఫాక్స్ తెగలు ఓడిపోయాయి. యుద్ధం వాళ్లతో అయినా, సెప్టెంబరులో హో-చంక్‌ల చేత కూడా విస్కాన్సిన్ నదికి దక్షిణాన ఉన్న నేలనంతా అప్పగించే ఒడంబడిక మీద సంతకం చేయించారు. వాళ్లు తేజోప్ అని పిలుచుకునే నాలుగు సరస్సుల సీమ అందులోకే వస్తుంది. 1834-35లో గ్రీన్ బే, మినరల్ పాయింట్ ల్యాండ్ ఆఫీసులు అమ్మకాలు మొదలెట్టాయి. ఏ ముక్క ఎలాంటిదో డోటీకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తన కోసం కొన్నాడు, తూర్పున ఉన్న ధనవంతుల కోసం కొన్నాడు, గ్రీన్ బేలో బొచ్చుతోళ్ల వ్యాపార కుబేరుడు జాన్ జేకబ్ ఆస్టర్ తరఫున ఏజెంటుగా స్థలాలు అమ్మాడు. విన్నెబేగో సరస్సు మొనన ఫాండు లాక్ లాంటి ఊళ్లు కాగితం మీద గీశాడు. కొన్ని నిజంగా ఊళ్లయ్యాయి.

నాలుగు సరస్సుల మధ్య 1,200 ఎకరాలకు పైగా నేలను మిషిగన్ గవర్నరు స్టీవెన్స్ మేసన్‌తో కలిసి 1836లో కొన్నాడు. ఖర్చు దాదాపు 1,500 డాలర్లు. ఒక టెరిటరీ మాజీ జడ్జి, అదే టెరిటరీ గవర్నరు కలిసి ప్రభుత్వ భూమి కొంటే అప్పట్లో అడ్డుచెప్పే చట్టం లేదు. ఇదే నేను మొదట చెప్పిన వలయం. ప్రజల డబ్బుతో తిరిగి సంపాదించిన ఎరుకను ప్రజల భూమి మీద పెట్టి, దాన్ని మళ్లీ ప్రజలకే అమ్మడం. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన అది న్యాయమైపోదు.

విస్కాన్సిన్ టెరిటరీ 1836 జులైలో విడిగా ఏర్పడింది. ఇప్పటి అయోవా, మినసోటా కూడా అప్పుడు అందులోనే. గవర్నరు హెన్రీ డాడ్జ్, సీసపు గనుల సీమ మనిషి, డోటీకి బద్ధ ప్రత్యర్థి. మొదటి సభ అక్టోబరు 25న బెల్మాంట్ అనే చిన్న ఊళ్లో కూడింది. దిగువసభలో 26, పైసభలో 13, మొత్తం 39 మంది. ఇళ్లు చాలవు, చలి పెరుగుతోంది, సభ్యులు నేల మీద పడుకున్న రోజులున్నాయి. రాజధాని ఎక్కడన్నదే పెద్ద ప్రశ్న. మాకంటే మాకని డజనుకు పైగా ఊళ్లు పోటీపడ్డాయి.

డోటీ సభ్యుడు కాదు. అయినా బెల్మాంట్‌లో మకాం వేశాడు. లేఅవుట్ గీయించాడు: మధ్యలో చదరపు మైదానం, అందులో శాసనసభ భవనం, మూలల నుంచి ఏటవాలుగా సాగే వీధులు. ఆ జూన్‌లోనే కన్నుమూసిన మాజీ అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ పేరు ఊరికి పెట్టాడు. వీధులకు అమెరికా రాజ్యాంగం మీద సంతకాలు చేసినవాళ్ల పేర్లు. చలికి వణుకుతున్న సభ్యులకు డుబ్యూక్ నుంచి అడవిదున్న తోళ్ల కంబళ్లు తెప్పించి పంచాడు. ఓట్లు వేసినవాళ్లలో పలువురికి మాడిసన్ ప్లాట్లు దక్కాయి. నవంబరులో ఓటింగ్ జరిగింది. పైసభలో ఏడుగురు అటు, ఆరుగురు ఇటు. దిగువసభలో 15 మంది అటు, 11 మంది ఇటు. డిసెంబరు 3న డాడ్జ్ సంతకం పెట్టాడు.

ప్లాట్లు, కంబళ్లు మాత్రమే మాడిసన్‌ను గెలిపించాయంటే సగం కథే చెప్పినట్టు. తూర్పున గ్రీన్ బే, మిల్వాకీ ఒకదాన్నొకటి ఒప్పుకోవు. పశ్చిమాన గనుల సీమ వాళ్లకు మిషిగన్ సరస్సు ఒడ్డున రాజధాని వద్దు. మిసిసిపీ అవతలి సభ్యులకు తాము త్వరలో విడిపోతామని తెలుసు. 1838లో అయోవా విడిపోయింది కూడా. వాళ్లకు కావాల్సింది అప్పటిదాకా తమవైపు బర్లింగ్టన్‌లో తాత్కాలిక రాజధాని. అది వాళ్లకిచ్చి, శాశ్వత రాజధానిని ఎవరిదీ కాని మధ్యచోటుకు మళ్లిస్తే ఓట్లు కుదురుతాయి. డోటీ చూసింది ఆ లెక్క. తన చేతిలో ఉన్న నేల ఆ మధ్యచోటులో ఉండటం యాదృచ్ఛికం కాదు.

1837 జూన్‌లో మిల్వాకీ నుంచి పనివాళ్లు అడవిలో దారి చేసుకుంటూ వచ్చారు. ఈబెన్, రోజలీన్ పెక్ దంపతులు వాళ్లకు కూడూ గూడూ ఇచ్చే పూటకూళ్ల ఇల్లు నడిపారు. భవనానికి కాంగ్రెస్ మొత్తం 40,000 డాలర్లు ఇచ్చింది. ఆ నిధి లెక్కలు చూసే కమిషనర్లలో డోటీ కోశాధికారి. 1838 నవంబరులో సభ మాడిసన్‌లో కూడేటప్పటికి భవనం పూర్తవలేదు. నిధులు ఏమయ్యాయన్న గొడవ మొదలై కోర్టుదాకా వెళ్లింది, ఏళ్ల తరబడి సాగింది. ఈలోగా 1837 ఆర్థిక సంక్షోభం వచ్చి భూముల ధరలు కూలాయి. కాగితం ఊళ్లెన్నో కాగితాల్లోనే ఉండిపోయాయి. డోటీ కూడా అప్పుల్లో చిక్కుకున్నాడు. స్థలాలతో అతడు కోటీశ్వరుడయ్యాడనుకుంటే పొరపాటు.

డెలిగేట్, గవర్నరు

ఇన్ని ఆరోపణల మధ్య 1838 సెప్టెంబరులో డెలిగేట్‌గా ఎన్నికయ్యాడు. అప్పటిదాకా ఉన్న డెలిగేట్ జార్జ్ జోన్స్ ఆ ఫిబ్రవరిలో ఇద్దరు కాంగ్రెస్ సభ్యుల ద్వంద్వయుద్ధంలో ఒకరికి సహాయకుడిగా నిలబడ్డాడు. ఆ యుద్ధంలో జోనాథన్ సిలీ అనే సభ్యుడు చనిపోవడంతో జోన్స్ పరువు పోయింది, డోటీకి దారి తెరుచుకుంది.

1841లో వాషింగ్టన్‌లో విగ్ పార్టీ అధికారంలోకి వచ్చింది. అధ్యక్షుడు టైలర్ డాడ్జ్‌ను తీసేసి డోటీని గవర్నరును చేశాడు. డాడ్జ్ వెంటనే డెలిగేట్‌గా ఎన్నికయ్యాడు. అంటే ఇద్దరు ప్రత్యర్థులూ కుర్చీలు మార్చుకున్నారు, ఆట మాత్రం ఆగలేదు. 1842 డిసెంబరులో సభ కూడితే, కాంగ్రెస్ ఇంకా ఖర్చులకు నిధులు ఇవ్వలేదు కాబట్టి ఈ సమావేశమే చెల్లదని డోటీ దానితో మాట్లాడటానికి నిరాకరించాడు. వాదనలో చట్టపరమైన పస ఉంది. కానీ సభ లేకుండా గవర్నరు ఒక్కడే మిగిలే పరిస్థితి అది. ఆ ఏడాది మొదట్లోనే, ఫిబ్రవరిలో, డోటీ షెరీఫ్ పదవికి ప్రతిపాదించిన ఒక పేరు మీద పైసభలో మాటామాటా పెరిగి, జేమ్స్ విన్‌యార్డ్ అనే సభ్యుడు తోటి సభ్యుడు చార్లెస్ ఆర్ంట్‌ను సభలోనే కాల్చి చంపాడు. తర్వాతి విచారణలో విన్‌యార్డ్ నిర్దోషిగా బయటపడ్డాడు. షెరీఫ్ నియామకం ప్రాణాల మీదికి రావడం వింతగా ఉంటుంది. కానీ షెరీఫ్ అంటే జప్తులు, వేలాలు, జ్యూరీ పిలుపులు అతడి చేతిలో ఉంటాయని గుర్తుంచుకుంటే, ఆ పేరు కోసం అంత పట్టుదల ఎందుకో అర్థమవుతుంది.

రాష్ట్ర హోదా కోసం డోటీ చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. గవర్నరు, జడ్జీలు, సభ ఖర్చు వాషింగ్టన్ భరిస్తున్నంతకాలం పన్నులు కట్టే రాష్ట్రం మాకెందుకని ఓటర్లు వరసగా తిప్పికొట్టారు. హోదా వెంట ఇంకో పేచీ కూడా లేవనెత్తాడు. 1787 చట్టం ప్రకారం ఉత్తర రాష్ట్రాల దక్షిణ సరిహద్దు మిషిగన్ సరస్సు అడుగు కొసను తాకే గీత. 1818లో ఇల్లినాయ్ రాష్ట్రమైనప్పుడు కాంగ్రెస్ దాన్ని ఉత్తరానికి జరిపి చికాగో ప్రాంతాన్ని ఇల్లినాయ్‌కి ఇచ్చేసింది. ఆ నేల మాదేనన్నాడు డోటీ. ఇల్లినాయ్ ఉత్తర కౌంటీల్లో అప్పులతో విసిగిపోయినవాళ్లు కొందరు విస్కాన్సిన్‌తో కలవడానికి ఓట్లు కూడా వేశారు. కాంగ్రెస్ పట్టించుకోలేదు. గీత అక్కడే ఉంది.

1841 జులైలో, గవర్నరు పదవి చేపట్టబోయే ముందు, డోటీ మినసోటా నది ఒడ్డున డకోటా తెగలతో ఒక ఒడంబడిక చేసుకున్నాడు. దాదాపు మూడు కోట్ల ఎకరాలు కొని, అందులో తెగలకే ఒక ప్రత్యేక సీమ ఏర్పాటు చేసి, క్రమంగా వాళ్లకు పౌరసత్వం ఇవ్వాలన్నది ఆలోచన. తెల్లవాళ్ల చొరబాటు లేని నేలను చట్టంతో కాపాడాలని అంత పెద్ద ఎత్తున రాసిన అధికారులు ఆ కాలంలో తక్కువ. తూర్పు తెగలన్నిటినీ అక్కడికి తరలించే పథకం కూడా అదే కాగితంలో ఉంది కాబట్టి దీన్ని దయగా మాత్రమే చదవలేం. 1842లో సెనేట్ ఆ ఒడంబడికను తిరస్కరించింది.

1844లో డోటీ పదవి ముగిసింది. 1846లో రాజ్యాంగ సభ సభ్యుడయ్యాడు. వాళ్లు రాసిన రాజ్యాంగాన్ని ఓటర్లు కొట్టేశారు. రెండోసారి రాసినది నెగ్గి 1848 మే 29న విస్కాన్సిన్ రాష్ట్రమైంది. 1840లో 30,945 ఉన్న జనాభా 1850కి 3,05,391. జనం వెల్లువలా వచ్చాక టెరిటరీ కాలపు పాత లాయరు-నాయకుల పట్టు సడలింది. డోటీ మెనాషా దగ్గర నదీద్వీపంలో దుంగల ఇల్లు కట్టుకుని, 1849 నుంచి 1853 దాకా కాంగ్రెస్ సభ్యుడిగా ఉండి, రాష్ట్ర రాజకీయాల నుంచి తప్పుకున్నాడు.

మళ్లీ ఒక టెరిటరీ

1861లో లింకన్ అతడిని యూటా టెరిటరీలో తెగల వ్యవహారాల సూపరింటెండెంటుగా పంపాడు. అరవై దాటినవాడికి మళ్లీ సరిహద్దు జీవితం. 1863లో యూటా గవర్నరు కూడా అయ్యాడు. అతడికి ముందున్న గవర్నరు అక్కడ బలంగా ఉన్న మార్మన్ అనే మతశాఖవాళ్లతో తగవు పెట్టుకుని పదవి పోగొట్టుకున్నాడు. డోటీ మార్మన్ల నాయకుడు బ్రిగమ్ యంగ్ అనుచరులతో సర్దుకుని నడిచాడు.

ఆ 1863 జనవరి 29న బేర్ నది ఒడ్డున కర్నల్ పాట్రిక్ కానర్ సైనికులు షోషోనీల శిబిరం మీద పడి కొన్ని వందలమందిని చంపారు. ఆడవాళ్లు, పిల్లలు కూడా చనిపోయారు. ఆ మారణకాండ తర్వాతే, వేసవి నుంచి శరదృతువు దాకా, డోటీ షోషోనీ బృందాలతో వరసగా ఒడంబడికలు కుదిర్చాడు. అక్టోబరు 1న నెవాడా గవర్నరు జేమ్స్ నైతో కలిసి రూబీ వ్యాలీలో పశ్చిమ షోషోనీలతో చేసినది వాటిలో ఒకటి. రోడ్లు, టెలిగ్రాఫ్, రైలు, గనులు, స్థావరాలు అనుమతిస్తామని షోషోనీలు ఒప్పుకున్నారు. బదులుగా ఇరవై ఏళ్ల పాటు ఏటా 5,000 డాలర్ల విలువైన సరుకులు. డోటీ 1865 జూన్ 13న, గవర్నరు పదవిలో ఉండగానే, సాల్ట్ లేక్ సిటీలో చనిపోయాడు. ఫోర్ట్ డగ్లస్ శ్మశానంలో పూడ్చారు.

రూబీ వ్యాలీ ఒడంబడిక మాత్రం అతడితో పోలేదు. దారి ఇస్తామన్నామే గానీ భూమి అమ్ముతామని అందులో ఎక్కడా రాయలేదు కదా అన్నది పశ్చిమ షోషోనీల వాదన. నేల క్రమంగా చొరబాటుతోనే చేజారిపోయిందని తేల్చి ప్రభుత్వం 2.6 కోట్ల డాలర్ల పరిహారం నిర్ణయించింది. తమ పశువులను తమ నేల మీదే మేపుకుంటున్నామని పోరాడిన డాన్ అక్కాచెల్లెళ్ల కేసులో 1985లో సుప్రీంకోర్టు, ఆ సొమ్ము షోషోనీల పేర ఖజానాలో జమ అయింది కాబట్టి చెల్లింపు జరిగినట్టేనని తీర్పు చెప్పింది. అప్పటికి వాళ్లు ఒక్క డాలరు తీసుకోలేదు. పంపకానికి కాంగ్రెస్ 2004లో చట్టం చేసింది. భూమి అమ్మలేదన్న వాదనను పశ్చిమ షోషోనీలలో చాలామంది ఈనాటికీ వదల్లేదు.